మగసానితిప్ప దీపానికి శాక్రమెంటో పేరెలా వచ్చింది?

కోనసీమలోని కాట్రేనికోన మండలంలో ఊళ్ల పేర్లు వరసగా చదువుతూ పోతే ఎక్కడా తడబాటు ఉండదు. పల్లంకుర్రు, చిర్రయానాం, బలుసుతిప్ప, బ్రహ్మసమేధ్యం: అన్నీ మన నోటికి అలవాటైనవే. అలా గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగ దాకా, మగసానితిప్ప దాకా వెళితే అక్కడో లైట్‌హౌస్ ఉంటుంది. దాని అధికారిక నామం శాక్రమెంటో. తాబేళ్ల గురించి రాసే పత్రికల వాళ్లు ఆ చుట్టుపక్కల ఇసుక తిప్పల్ని శాక్రమెంటో దీవి అంటారు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఏటా అక్కడికొచ్చి గుడ్లు పెడతాయి. కొబ్బరి తోటల సీమ చివర, ఉప్పునీటి అంచున ఈ పేరు ఎవరు పెట్టారు?

మొదట తోచేది ఎవరో దొరగారి పేరని. ఇంజరంలోనూ బెండమూర్లంకలోనూ ఈస్టిండియా కంపెనీకి వర్తక స్థావరాలుండేవి కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ ఇది ఇంగ్లిషు వాళ్లు పెట్టుకునే ఇంటిపేరులా లేదు. పోర్చుగీసు వాసన కొడుతోంది. బంగాళాఖాతంలో పోర్చుగీసు ఓడలు 16వ శతాబ్దం నుంచే తిరిగాయి గనక, క్రైస్తవ సంస్కారాన్ని సూచించే ఈ మాటను ఏ నావికుడో ఇక్కడ వదిలి వెళ్లాడేమో అనిపిస్తుంది. అక్కడే ఆగిపోతే మాత్రం దారి తప్పినట్టే.

అసలు ఆధారం సముద్ర పటంలో ఉంది. ఆ పటాల్లో శాక్రమెంటో అన్నది ముందు ఒక ఇసుక మేటకు పేరు. తీరానికి బయట, నీళ్ల కింద కనపడకుండా ఉండే గట్టు అది. ఓడల వాళ్లకు దీపం ఎందుకు కడతారు? అక్కడ ప్రమాదం ఉందని చెప్పడానికి. అంటే మేట పేరే దీపానికి వచ్చింది. మరి సముద్రంలో మునిగి ఉన్న ఇసుకకు పేరెలా వస్తుంది? చాలాసార్లు దానికి తగిలి పోయిన ఓడ నుంచే. కాబట్టి వెతకాల్సింది మనిషిని కాదు, ఓడని.

ఆ ఓడ అమెరికా నౌకాదళ చరిత్రలో దొరుకుతుంది. యూఎస్ఎస్ శాక్రమెంటో: ఆవిరి యంత్రం, తెరచాపలు రెండూ ఉన్న యుద్ధనౌక. 1862లో పోర్ట్స్‌మౌత్ నేవీ యార్డులో నీళ్లలోకి దింపారు. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నది పేరే దానికి పెట్టారు. 1867 జూన్ 19న కాకినాడ దగ్గర, కొత్తపాలెం నది మొగలో మేట మీద పడి ఆ ఓడ నాశనమైంది. అందులోని వాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు.

ఇక్కడ ఒక ముడి మిగులుతుంది. కొత్తపాలెం నది ఎక్కడుంది? పటంలో ఆ పేరు గల నది కోసం తిరగనక్కర్లేదు. పాలెం అన్న ఊళ్లు మన తీరమంతా ఉన్నాయి. దగ్గరున్న పల్లె పేరు చెవిన పడితే, ఆ పక్క పాయకు కూడా అదే పేరని ఒడ్డుకు చేరినవాళ్లు రాసుకున్నారని నా ఊహ. కాకినాడ సమీపంలో ఓడల్ని మింగగల మేటలున్న మొగ గౌతమిది. పటం మీద శాక్రమెంటో మేట ఉన్నదీ అక్కడే. రెండూ ఒకచోట కలిశాయి.

ఓడ అక్కడికి ఎందుకు వచ్చి తగులుతుందో తీరం ఆకారమే చెబుతుంది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ దూరం నుంచే సరంగుకి ఆనవాలు. కోనసీమకు అలాంటి కొండ లేదు. నేల సముద్రమట్టానికి దాదాపు సమానం. దూరం నుంచి తాటి, కొబ్బరి తలలు తప్ప ఏమీ ఆనవు. పైగా గోదావరి తెచ్చిన ఒండ్రుతో డెల్టా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దక్షిణం నుంచి తీరం వెంట వచ్చే ఓడ ఆ పొట్టను బాగా దూరంగా చుట్టి వెళ్లాలి. కాస్త ముందుగా ఎడమకి తిరిగినా కింద నీళ్లుండవు. జూన్ 19 అంటే మృగశిర కార్తె చివరి రోజులు. నైరుతి గాలి ఇసుకను తీరం వెంట ఉత్తరానికి తోస్తూ ఉంటుంది. కాకినాడ ముందు హోప్ ఐలాండ్‌ను పోసింది కూడా ఆ కదలికే. ఏటా వరదలకు మొగ మారుతుంది, మేటలు జరుగుతాయి. నిరుటి పటం ఈ యేడు పనికొస్తుందన్న హామీ లేదు. పెద్ద రేవుగా వెలిగిన కోరంగిని పూడ్చి, వ్యాపారాన్ని కాకినాడకు తరలించినదీ ఈ ఒండ్రే.

కాకినాడ రేవు పెరగడానికి మరో కారణం కూడా ఉంది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య అంతర్యుద్ధం జరిగి, అక్కడి పత్తి ఇంగ్లండుకు అందకుండా పోయింది. ఆ కొరత తీర్చడానికి మన పత్తి కాకినాడ నుంచి ఓడలెక్కింది. శాక్రమెంటో పనిచేసింది ఆ యుద్ధంలోనే.

ఇక నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన ఆధారం, ఆ ఓడ కెప్టెన్. పేరు నెపోలియన్ కాలిన్స్, పెన్సిల్వేనియాలో 1814లో పుట్టినవాడు. యుద్ధంలో అతని చేతిలో ఉన్న నౌక వాచూసెట్. అతను వేటాడింది ఫ్లోరిడా అనే దక్షిణాది దాడి నౌకని. లివర్‌పూల్‌లో కట్టిన ఆ ఓడ, ఉత్తరాది వర్తక నౌకల్ని 30కి పైగా పట్టుకుంది. 1864 అక్టోబరులో ఫ్లోరిడా బ్రెజిల్‌లోని బహియా రేవులో లంగరేసి ఉంది. బ్రెజిల్ తటస్థ దేశం, అక్కడ పోరాడకూడదు. ఫ్లోరిడా కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. అక్టోబరు 7 తెల్లవారుజామున కాలిన్స్ తన ఓడతో దాన్ని ఢీకొట్టి, పట్టుకుని, సముద్రంలోకి లాక్కుపోయాడు.

బ్రెజిల్ మండిపడింది. ఫ్లోరిడాను తిరిగి ఇచ్చే అవకాశం కూడా లేకపోయింది, ఆ నవంబరులోనే అది వర్జీనియా తీరంలో మునిగిపోయింది. 1866లో ఒక అమెరికా నౌక బహియాకు వెళ్లి 21 ఫిరంగులు పేల్చి, బ్రెజిల్ జెండాకు వందనం చేసింది. కాలిన్స్ కోర్టు మార్షల్‌లో నేరం ఒప్పుకున్నాడు. దేశ ప్రయోజనం కోసమే చేశానన్నాడు. ఉద్యోగం నుంచి తొలగించాలని శిక్ష వేశారు. 1866 సెప్టెంబరులో నౌకాదళ కార్యదర్శి గిడియన్ వెల్స్ ఆ శిక్షను కొట్టేశాడు. ఆ ఏడే కాలిన్స్‌కు శాక్రమెంటో పగ్గాలు దక్కాయి. ఈ తేదీలు పక్కపక్కన పెడితేనే అతను బంగాళాఖాతానికి ఎలా వచ్చాడో అర్థమవుతుంది. శిక్ష తప్పిన వెంటనే దూరయాత్రకు బయల్దేరి, ఆఫ్రికా కొస చుట్టి, ఏడాది తిరక్కుండానే గౌతమి మొగలో ఇసుక ఎక్కాడు.

ఈసారి ఎవరూ శిక్ష కొట్టేయలేదు. 1869 దాకా అతన్ని విధులకు దూరంగా ఉంచారు. ఒక దేశం సార్వభౌమత్వాన్ని తొక్కిన పనికి శిక్ష అమలు కాకపోవడం, ఎవరి ప్రాణమూ పోని ఓడ ప్రమాదానికి అమలు కావడం నాకు న్యాయంగా తోచదు. అయితే బహియా సాహసం అతని సర్వీసులో చెరగని విలువగానే మిగిలినట్టుంది. 1871లో కమొడోర్ అయ్యాడు, 1874లో రియర్ అడ్మిరల్. దక్షిణ పసిఫిక్ దళానికి అధిపతిగా ఉండగానే 1875 ఆగస్టు 9న పెరూలోని కయావో రేవులో చనిపోయాడు.