మూసారాంబాగ్‌లో మెట్రో పక్కన ఇల్లా? హయత్‌నగర్ దాటాక సొంత ఫ్లాటూ, కారూనా?

మలక్‌పేట, సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉండే చాలా కుటుంబాల్లో ఇప్పుడు ఇదే చర్చ. అద్దె ఎక్కువైనా మెట్రో దగ్గరే ఉండాలా? లేక హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు తక్కువ ధరకు పెద్ద ఇల్లు కొనుక్కుని కారులో తిరగాలా? రెండింటిలోనూ లాభముంది, నష్టమూ ఉంది.

మూసారాంబాగ్ ఎక్కడుంది

రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఫ్రెంచ్ సేనాని రేమండ్ 1798లో చనిపోయాడు. జనం ఆయన్ని మూసారాం అనీ, మూసా రహీం అనీ పిలిచేవారు. ఈ బస్తీకి ఆ పేరే నిలిచిపోయిందని చెబుతారు. ఆయన సమాధి దగ్గర్లోని ఆస్మాన్‌గఢ్‌లో ఉంది.

అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. మూసారాంబాగ్ స్టేషన్ ఈ రెడ్ లైన్‌పైనే, దిల్‌సుఖ్‌నగర్‌కూ న్యూ మార్కెట్‌కూ మధ్య ఉంది.

ఒక్క టికెట్‌తో ఎక్కడెక్కడికి

ఉస్మానియా దవాఖానా, కోఠి పనులకు ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగాలి. నుమాయిష్‌కు గాంధీభవన్, రైలు ప్రయాణానికి నాంపల్లి దగ్గర. ఊళ్ల బస్సులకు ఎంజీబీఎస్ ఉంది; సికింద్రాబాద్ వైపు గ్రీన్ లైన్ కూడా అక్కడే మారాలి. హైటెక్ సిటీ, రాయదుర్గం వెళ్లేవాళ్లు అమీర్‌పేటలో బ్లూ లైన్ ఎక్కాలి.

ఖర్చు లెక్క

2025 మే 24 నుంచి అమలైన సవరణ ప్రకారం మెట్రో కనీస చార్జీ 11 రూపాయలు, గరిష్ఠం 69. రోజూ గరిష్ఠ చార్జీయే పెట్టి రానుపోను తిరిగినా 138 రూపాయలు. నెలకు 25 రోజులైతే 3,450.

అదే హయత్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి కారులో రోజుకు 60 కిలోమీటర్లు నడిపారనుకోండి. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 4 లీటర్లు కావాలి. పెట్రోల్ లీటరు 107 రూపాయల చొప్పున రోజుకు 428, నెలకు 10,700. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, పార్కింగ్, కారు లోన్ కిస్తీ దీనికి అదనం. వడ్డీ లోన్ వద్దనుకునే ఇళ్లలో కారు కోసం దాచిన డబ్బంతా ఒక్కసారే ఖర్చయిపోతుంది.

అయితే అద్దె తేడా కూడా కలిపి చూడాలి. ఇంట్లో ఒక్కరే బయటికి వెళ్లేవాళ్లయి, అద్దె తేడా ఏడు వేలు దాటితే, మెట్రోతో మిగిలిన డబ్బు అద్దెకే పోతుంది.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి

ఈ చర్చలో ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. ఉన్న ఒక్క కారూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లిపోతే, కాలేజీకి వెళ్లే అమ్మాయి, దవాఖానాకు వెళ్లాల్సిన దాదీ, పుట్టింటికి వెళ్లాల్సిన కోడలు సాయంత్రం దాకా ఎవరో ఒకరి కోసం ఎదురుచూడాల్సిందే. స్టేషన్ పక్కన ఇల్లుంటే ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మెట్రోకు అది వర్తించదు. రంజాన్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇఫ్తార్ రోడ్డు మీదే చేసే బాధ కూడా తగ్గుతుంది.

కారే మేలైన సందర్భాలు

ఉద్యోగం ఆదిభట్ల, ఇబ్రహీంపట్నం, శంషాబాద్ వైపైతే మెట్రో అటు లేదు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే కారులోనే నయం. నైట్ షిఫ్ట్ వాళ్లదీ అదే పరిస్థితి. చివరి రైలు రాత్రి 11 ప్రాంతంలోనే. నడవలేని పెద్దవాళ్లున్న ఇంటికీ, పెద్ద కుటుంబానికి విశాలమైన ఇల్లు కావాలనుకునేవాళ్లకూ శివారే సౌకర్యం.

మధ్యేమార్గం

ఇల్లు హయత్‌నగర్‌లోనే ఉంచుకుని, ఎల్బీనగర్ దాకా బస్సులోనో బండి మీదో వచ్చి మెట్రో ఎక్కవచ్చు. ఎల్బీనగర్–హయత్‌నగర్ మధ్య 7.1 కిలోమీటర్ల మెట్రోను రాష్ట్ర ప్రభుత్వం రెండో దశలో ప్రతిపాదించింది. కానీ కాగితం మీదున్న లైన్‌ను చూపించి బ్రోకర్ ధర పెంచితే తొందరపడొద్దు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

• స్టేషన్‌కు ఎంత దూరమో మీరే నడిచి చూడండి. "ఐదు నిమిషాలే" అన్న మాట నమ్మొద్దు.
• మూసీ ఒడ్డున వరద నీరు ఎంతవరకు వచ్చిందో పాత కిరాయిదారులను అడగండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు అంబర్‌పేట వైపు లోలెవల్ వంతెన మూతపడుతూ వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో నీళ్లు ఎంజీబీఎస్‌లోకీ వచ్చాయి.
• అద్దె, ప్రయాణం రెండూ కలిపి నెల ఖర్చు రాసుకోండి.
• మస్జిద్, బడి, దవాఖానా కారు లేకుండా చేరేంత దగ్గరున్నాయా చూడండి.
• ఇంట్లో ఆడవాళ్లనూ, పెద్దవాళ్లనూ అడగకుండా నిర్ణయం తీసుకోవద్దు. ఆ ఇంట్లో రోజంతా గడిపేది వాళ్లే.