రాజాజీ, పెరియార్: విరోధంలో మైత్రి

బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివిన ప్రముఖులలో చక్రవర్తి రాజగోపాలాచారి ఒకరు. ఆయన జన్మస్థలమైన తొరపల్లి హోసూరు సమీపంలోని గ్రామం. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే సీమ అది. అయినా రాజాజీ పేరు చెప్పగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది 1952 డిసెంబరు. పొట్టి శ్రీరాములు మద్రాసులో ప్రాణత్యాగం చేసిన నాడు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ఆయనే. ఆ బాధ న్యాయమైనదే. కాని రాజకీయ ప్రత్యర్థితో ఆయన నెరపిన స్నేహం కూడ చరిత్ర విద్యార్థులు తెలుసుకోదగినది.

ఆ ప్రత్యర్థి ఈరోడుకు చెందిన ఇ.వి. రామస్వామి, పెరియార్‌గా ప్రసిద్ధుడు. బలిజ కుటుంబంలో పుట్టిన ఆయన తమిళంతో పాటు తెలుగు, కన్నడం మాట్లాడేవారు. రాజాజీ సేలం పురపాలక సంఘానికి, పెరియార్ ఈరోడు సంఘానికి అధ్యక్షత వహించినవారు. 1919లో పెరియార్ కాంగ్రెసులో చేరడం వెనుక రాజాజీ ప్రోత్సాహం ఉంది. ఆరేళ్ళకే దారులు చీలాయి. బ్రాహ్మణేతరులకు ప్రాతినిధ్యం విషయంలో కాంగ్రెసు వైఖరి నచ్చక 1925లో పెరియార్ ఆ సంస్థను విడిచారు. ఒకరు శ్రీవైష్ణవ ఆస్తికులు, మరొకరు నాస్తికులు.

విభేదం మాటలతో ఆగలేదు. 1938లో రాజాజీ ప్రభుత్వం పాఠశాలలలో హిందీని నిర్బంధం చేసింది. దానిని ప్రతిఘటించిన పెరియార్‌ను ఆ ప్రభుత్వమే జైలుకు పంపింది. కొంతకాలం ఆయన బళ్ళారి జైలులో ఉన్నారు. 1953లో రాజాజీ ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా పథకాన్ని కులవిద్య అని పెరియార్ తీవ్రంగా ఎదుర్కొన్నారు. మరుసటి సంవత్సరం రాజాజీ పదవి వదలుకున్నారు.

ఈ రెండు ఘట్టాలకు నడుమ, 1949 మే నెలలో, పెరియార్ తిరువణ్ణామలైలో రాజాజీని ఏకాంతంగా కలిశారు. రాజాజీ అప్పుడు గవర్నర్ జనరల్. తన రెండవ వివాహానికి ముందు పెరియార్ సలహా కోరినది సొంత ఉద్యమ సహచరులను కాదు, ఈ ప్రత్యర్థిని. ఆ వివాహం కారణంగా ద్రావిడ కళగం చీలింది. రాజాజీయే ఈ సలహా ఇచ్చారని నిందలు వచ్చినా, ఆ సంభాషణను ఆయన బయటపెట్టలేదు.

1967 ఎన్నికలలో రాజాజీ అన్నాదురై పక్షాన, పెరియార్ కామరాజు పక్షాన నిలిచారు. అప్పుడూ ఎదురెదురే. 1972 డిసెంబరు 25న రాజాజీ మరణించినప్పుడు, తొంభై మూడేళ్ళ పెరియార్ అంత్యక్రియలకు వచ్చి కన్నీరు పెట్టుకున్నారు. దాదాపు ఏడాదికి, 1973 డిసెంబరు 24న, ఆయనా కన్నుమూశారు.

ఈ మైత్రిని కేవలం ఆదర్శంగా కీర్తించడం చరిత్ర కాదు. హిందీ వ్యతిరేకోద్యమంలో అరెస్టయిన నటరాజన్, తాళముత్తు అనే ఇద్దరు యువకులు 1939లో నిర్బంధంలో ఉండగానే చనిపోయారు. నాయకుల స్నేహం వారికి ఊరట కాలేదు. అయితే ఆ స్నేహం కోసం వాదాన్ని ఎవరూ వదులుకోలేదన్నది కూడ నిజమే. రాజాజీ జైలు తప్పించలేదు, పెరియార్ ఉద్యమం ఆపలేదు. ఒకరి రహస్యాన్ని మరొకరు రాజకీయానికి వాడుకోలేదు.

పరభాషా ప్రాంతంలో చదివే తెలుగు విద్యార్థికి భాష, నీళ్ళు, సరిహద్దుల మీద వాదాలు గదిలోనే ఎదురవుతాయి. 1952ను మరచిపోనక్కరలేదు. వాదించిన మిత్రుడే మన కష్టం చెప్పుకోదగినవాడు కావచ్చునని మాత్రం గుర్తుంచుకోవచ్చు.