మిద్దె మీది ఒరుగులు, పొయ్యి మీది జామ్

జూన్ నెలలో పాకాల దాటి దామలచెరువు మండీ వైపు వెళ్తుంటే, ఊరు కనబడకముందే మాగిన మామిడి వాసన ఎదురొస్తుంది. ట్రాక్టర్ల నిండా తోతాపురి. కొస వంకర తిరిగిన ఈ కాయను చిత్తూరు రైతు బెంగళూరు కాయ అంటాడు, కోస్తాలో కలెక్టరు మామిడి, తమిళంలో చిలకముక్కు. బంగినపల్లి ఇక్కడ బేనీషా అవుతుంది, ఆల్ఫాన్సో ఖాదరు అవుతుంది. మామిడి తోటలు ఇంతగా విస్తరించిన నేల కాబట్టే మద్రాసు ప్రభుత్వం 1935లో కోడూరు పక్కన అనంతరాజుపేటలో పండ్ల పరిశోధన కేంద్రాన్ని పెట్టింది. పేర్ల చిక్కు విప్పడానికి కె.సి. నాయక్, ఎస్.ఆర్. గంగోలి దక్షిణాది మామిడి రకాలను వర్గీకరిస్తూ 1950లో ఒక గ్రంథమే వెలువరించారు.

పేరు ఏదైనా పండుకు గడువు మాత్రం తక్కువ. కోసిన తరువాత వారం, పది రోజులు. ఆ గడువును పొడిగించడానికి ఈ సీమ ఇళ్ళలో ఎన్ని పద్ధతులు ఉండేవో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

మా అవ్వ ఇంట్లో వేసవి అంటే మిద్దె. పుల్లటి కాయను చెక్కు తీసి, నిలువు ముక్కలుగా కోసి, ఉప్పు పట్టించి, పాత పంచె మీద ఎండబెట్టేవాళ్ళు. నాలుగైదు ఎండలు తగిలితే ఆ ముక్కలు తోలులా వంగేవి. అవే ఒరుగులు. వానాకాలంలో పప్పులోకి, పులుసులోకి చింతపండు లేకున్నా ఒక గుప్పెడు ఒరుగులు చాలు. "కోతులొస్తాయి, కట్టె పట్టుకొని కూచోరా" అని పిల్లల్ని కాపలా పెట్టేవాళ్ళు. మా తరం వేసవి సెలవుల్లో సగం ఆ కాపలాతోనే గడిచింది.

ఒరుగుల కన్నా పెద్ద పని చింతపండుది. పుంగనూరు, పలమనేరు వైపు మాఘ ఫాల్గుణాల్లో కాయ రాలిస్తే, ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చొని పెంకు ఒలిచి, కట్టెతో కొట్టి గింజలు తీసేవారు. నారా ఈనెలూ లాగేసిన గుజ్జుకు ఉప్పు చల్లి, ముద్దలు చేసి జాడీలో అదిమి పెడితే ఏడాది దాటినా చెడదు. రంగు నల్లబడుతుందే తప్ప పులుపు పోదు. పులుపు, ఉప్పు, తడి లేకపోవడం, ఈ మూడింటినీ మన ఆడవాళ్ళు ఏ పాఠ్యపుస్తకమూ చదవకుండానే పట్టుకున్నారు. ఆహార శాస్త్రం పండ్ల నిల్వకు చెప్పే మొదటి పాఠాలు అవే.

మరి తీపితో నిల్వ? అది మనకు కొత్త అనుకుంటాం, కానీ పూర్తిగా నిజం కాదు. ఆడి కృత్తికకు మురుగన్ కావడి ఎత్తుకొని తిరుత్తణి కొండెక్కే కుటుంబాలు చిత్తూరు సీమలో ఎన్నో. 1960 దాకా ఆ తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. అదే మురుగన్ కోసం పళని దాకా వెళ్ళినవాళ్ళు తెచ్చే పంచామృతం డబ్బాను ఒకసారి గుర్తు చేసుకోండి. కొండ అరటిపండు, బెల్లం, ఖర్జూరం, కలకండ, తేనె, నెయ్యి, ఏలకులు. నీటి చుక్క కలపరు. పండును తీపిలో ముంచి నిలబెట్టే ఆ ప్రసాదానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నా లెక్కలో అది అరటి జామే. జామ్ అనే మాట మన నాలుక మీదికి రాకముందే దాని రుచి తెలుసు.

సీసాలో, మూతపెట్టి, రొట్టె మీద రాసుకునే జామ్ మాత్రం దొరల వంటింటి నుంచి వచ్చిందే. గాజు సీసాలో ఆహారాన్ని వేడిచేసి మూసి నిలబెట్టే విద్యకు ఫ్రాన్సులో నికొలా అపేర్ 1810లో 12,000 ఫ్రాంకుల బహుమతి అందుకున్నాడు. చక్కెర చవకైన కొద్దీ యూరప్ పల్లెల్లోనూ జామ్ నిండిన సీసాలు వెలిశాయి. మన దగ్గర స్వాతంత్ర్యం వచ్చాక 1950 అక్టోబరులో మైసూరులో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ మొదలైంది. 1955లో వచ్చిన పండ్ల ఉత్పత్తుల ఆర్డరు జామ్‌కు కొలతలు గీసింది. ఇప్పటి నిబంధనల్లో జామ్ అనాలంటే నూటికి 45 వంతులైనా పండు, 65 వంతులైనా కరిగిన ఘనపదార్థం ఉండాలి.

ఈ 65 అనే అంకెలోనే గుట్టంతా ఉంది. తీపి అంత చిక్కబడితే బూజుకూ సూక్ష్మజీవులకూ తాగడానికి నీరు దొరకదు. నీరు కళ్ళెదుట ఉన్నా చక్కెర దాన్ని పట్టి ఉంచుతుంది. పండులోని పెక్టిన్, పులుపు, చక్కెర సరైన పాళ్ళలో కలిస్తే గుజ్జు గడ్డకడుతుంది. జామపండులో, పచ్చి మామిడిలో పెక్టిన్ మెండు. అందుకే జామ జెల్లీ ఎవరు చేసినా కుదురుతుంది.

తోతాపురితో ఇలా చేస్తాను. బాగా మాగిన పళ్ళు రెండు కిలోలు తీసుకుంటే కిలోకు కాస్త పైగా గుజ్జు వస్తుంది. ఒక కిలో గుజ్జును జల్లెడ పట్టి, అడుగు మందమున్న గిన్నెలో పోసి, 750 గ్రాముల చక్కెర, రెండు నిమ్మకాయల రసం కలిపి, గరిటె ఆపకుండా తిప్పాలి. ఈ పండులో పులుపు తక్కువ, నిమ్మరసం మానితే గట్టిపడదు, నిలవదు. గిన్నె బరువు ముందే తూచి పెట్టుకుంటే థర్మామీటరుతో పని లేదు. 1,750 గ్రాములతో మొదలైనది 1,350కి దిగితే పని అయిపోయినట్టే. థర్మామీటరు ఉంటే 105 డిగ్రీలు. రెండూ లేకపోతే చల్లటి పళ్ళెం మీద ఒక చుక్క వేసి వేలితో నెట్టండి, ముడతపడితే దించండి. అరిసెల పాకాన్ని నీళ్ళలో వేసి ఉండ కట్టి చూసే చేతికి ఈ పరీక్ష కొత్తగా నేర్పాల్సిన పని లేదు. నీళ్ళలో మరిగించి ఆరబెట్టిన సీసాలో వేడివేడిగా నింపి వెంటనే మూత బిగించాలి. తడి గరిటె ముంచితే ఇంత శ్రమా వృథా. చక్కెర బదులు చిత్తూరు బెల్లం వేస్తే రంగు ముదురుతుంది, మామిడి వాసన వెనక్కి తగ్గుతుంది. నాకు ఆ రుచి ఇష్టమే, కానీ మామిడి రుచి కావాలంటే చక్కెరే మేలు.

ఇళ్ళలోని ఈ పనిని మన కళ్ళముందే ఫ్యాక్టరీలు తీసుకున్నాయి. 1976లో మాజా, 1985లో ఫ్రూటీ వచ్చాయి. ఈ తరహా పానీయాలకు వాడే గుజ్జులో ఎక్కువ భాగం తోతాపురిదే. చిత్తూరు, బంగారుపాళ్యం, తిరుపతి చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీలు బారులు తీరాయి. 2012లో మొగిలి దగ్గర మెగా ఫుడ్ పార్కు తెరిచారు. కడిగి, టెంక తీసి, మరిగించిన గుజ్జు 3.1 కిలోల డబ్బాల్లో, 215 కిలోల డ్రమ్ముల్లో సౌదీకి, యెమెన్‌కు, నెదర్లాండ్స్‌కు ఓడెక్కుతుంది. ఇది చిన్న ఘనత కాదు. వేల కుటుంబాలకు దీనివల్లే కూలి దొరికింది. కానీ పుల్లగా తినే నాలుగు కాయలు పోను తోతాపురికి ఫ్యాక్టరీ గేటు తప్ప వేరే గడప లేకుండా పోయింది.

2025లో అది బయటపడింది. కాపు విరగకాసింది, పాత ఏడాది గుజ్జు గోదాముల్లోనే మిగిలి ఉంది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. జూన్ 7న చిత్తూరు జిల్లా యంత్రాంగం పొరుగు రాష్ట్రాల తోతాపురి రాకను ఆపింది, కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 ఇవ్వాలని నిర్ణయించారు. ఆ 8 కూడా చేతికందలేదని రైతులు రోడ్డెక్కారు. అదే కాలంలో తిరుపతి దుకాణంలో జామ్ సీసా ధర ఒక్క రూపాయి తగ్గలేదు.

ఇంట్లో చేసుకునే జామ్ లక్షల టన్నుల పంటను ఆదుకోలేదని నాకూ తెలుసు. అయినా వీధికి పది ఇళ్ళు తోట దగ్గరికే వెళ్ళి కొంటే ఆ రైతుకు గేటు దగ్గర పడిగాపులు తప్పిన రోజు ఒకటైనా ఉంటుంది. నేర్చుకోవాలనుకునే వాళ్ళు కృషి విజ్ఞాన కేంద్రాల్లోని గృహవిజ్ఞాన విభాగాలను అడగండి. తిరుపతి వాళ్ళకు కరకంబాడిలోనే ఒకటి ఉంది.

వచ్చే జూన్‌లో దామలచెరువు వైపో బంగారుపాళ్యం వైపో వెళ్ళినప్పుడు కారు డిక్కీలో ఒక గోనెసంచి వేసుకొని వెళ్ళండి. పది కిలోలు కొనండి, బేరం ఆడకండి. సీసా మీద చేసిన తేదీతో పాటు పండు కాసిన ఊరి పేరు కూడా రాయండి.