ఎగతాళికి కొలత

సూరత్ నగరంలో 1833లో జన్మించిన నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే గుజరాతీ సాహిత్యంలో నర్మద్ అనే పేరుతో ప్రసిద్ధుడు. ఆయన 1866లో ‘మారీ హకీకత్’ అనే ఆత్మకథ వ్రాశాడు. 1873లో ‘నర్మకోశ్’ అనే నిఘంటువును ప్రకటించాడు. మొదటిదానిలో తన సంగతి దాచక చెప్పడం నియమం. రెండవదానిలో మాట అర్థాన్ని తూచి నిర్ణయించడం పని. రూపాన్ని గురించిన ఎగతాళి మనస్సును ఎంత నొప్పిస్తుందో కొలవదలచినవారికి ఈ రెండూ కావలసినవే.

ఈ కొలతకు చరిత్ర ఎక్కువ లేదు. 1932లో రెన్సిస్ లైకర్ట్ అభిప్రాయాల తీవ్రతను అంచెలుగా గుర్తించే పద్ధతిని చూపాడు. 1953లో సికార్డ్, జురార్డ్ అనే ఇరువురు మనిషికి తన దేహంపై గల తృప్తిని ప్రశ్నలతో లెక్కగట్టారు. 1965లో మారిస్ రోజెన్‌బర్గ్ పది వాక్యాలతో ఆత్మగౌరవానికి కొలమానం కూర్చాడు. ఎగతాళికే ప్రత్యేకించిన కొలమానాన్ని కెవిన్ థామ్సన్, ఆయన సహచరులు అమెరికాలో 1991లో ప్రకటించి, 1995లో సవరించారు. సవరించినదానిలో ప్రతి అంశానికీ రెండు ప్రశ్నలున్నవి: ఎన్నిసార్లు జరిగింది? ఎంత బాధ కలిగింది? పదిసార్లు విని నవ్వి ఊరుకొనేవారుంటారు. ఒక్కసారి విని అద్దం చూడడం మానేవారూ ఉంటారు. ఇరువురినీ ఒకే లెక్కలో చేర్చడం న్యాయం కాదు.

మిన్నెసోటా రాష్ట్రంలో 4,746 మంది విద్యార్థులను పరిశీలించి 2003లో ప్రకటించిన ఫలితాలు ఆలోచింపదగినవి. బరువును గురించి ఎగతాళికి గురైనవారిలో ఆత్మగౌరవం తక్కువగాను, దిగులు, ఆత్మహత్యా భావనలు ఎక్కువగాను కనిపించినవి. అసలు బరువును లెక్కలోకి తీసుకొన్నా ఈ సంబంధం నిలిచింది. ఎగతాళి చేసినవారిలో తోటిపిల్లలే కాదు, ఇంటివారూ ఉన్నారు. అయితే ఒక్కమారు అడిగి వ్రాసుకొన్న లెక్క సంబంధాన్నే చూపగలదు; కారణాన్ని రుజువు చేయలేదు.

ఇట్టి కొలమానాన్ని సూరత్‌కు తెస్తే చిక్కు మాటతోనే మొదలవుతుంది. ఆ నగరపాలక సంస్థ బడులలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. మగ్గాల పనికై తెలంగాణ నుండి వెళ్ళిన కుటుంబాల పిల్లలు అక్కడ చదువుతారు. గుజరాతీలో ‘చీడవవుం’, హిందీలో ‘చిఢానా’ అన్నప్పుడు ఎదుటివారికి కలిగే చిరాకు మాటలోనే ఉన్నది. తెలుగులో ‘ఆటపట్టించడం’ అంటే అనేవారి ఆటే కనిపిస్తుంది, పడేవారి బాధ కనిపించదు. ‘అవహేళన’ అంటే ఇంటివారిపై నేరం మోపినట్లవుతుంది. కనుక క్రియాపదాన్ని నమ్ముకొనక, జరిగిన సంగతినే అడగడం మేలు: “నీ రంగును చూసి ఎవరైనా నవ్వారా?”

రంగు అనడంలో మరొక సంగతి ఉన్నది. 1995 నాటి కొలమానం బరువును, సామర్థ్యాన్ని గురించిన ఎగతాళినే లెక్కిస్తుంది. దేహచ్ఛాయకు దానిలో చోటు లేదు. దానిని యథాతథంగా అనువదిస్తే, నల్లపిల్ల అని పిలువబడి కుమిలిన బాలిక బాధ లేనిదిగా లెక్కకెక్కుతుంది.

దాచక వ్రాసిన నర్మద్ సైతం తన ఆత్మకథను వెంటనే లోకానికి విడువలేదు. ఆయన 1886లో మరణించాడు; గ్రంథం శతజయంతి సంవత్సరమైన 1933లో వెలువడింది. అంతటి ధీరునికే అంత వ్యవధి కావలసివచ్చినప్పుడు, ఎగతాళి చేసిన తోటివారి పక్కనే కూర్చుండబెట్టి ఒక బాలికను నిజం వ్రాయమనడం తగదు. ఆమెకు ముందు ఏకాంతం కల్పించాలి. జవాబు బయటికి పొక్కదని మాట ఇవ్వాలి.