జలమార్గముల కాటన్ దొర

ధవళేశ్వరము ఆనకట్ట కట్టించి గోదావరి డెల్టాను సస్యశ్యామలము గావించిన ఆర్థర్ కాటన్ దొరను ఆంధ్రులు కృతజ్ఞతతో తలచుట సముచితమే. అయితే ఆ కాలువలలో పంటకు నీరు పాఱవలెనని ఆయన యెంత కోరెనో, పడవలు నడువవలెనని కూడ నంతగానే కోరె ననుట నేటివారిలో పలువురకు స్ఫురింపదు. రవాణా శాస్త్రమునకు ఆయన చేసిన సేవకు మనము తగిన స్థానము నీయలేదనియే నా నమ్మకము.

పదునొకండుగురు అన్నదమ్ములలో పదవవాడుగ 1803లో జన్మించి, యుక్తవయస్సు రాకమున్నే సైనిక ఇంజనీరై, 1821లో మద్రాసు చేరిన ఈతడు మొదట పేరొందినది కావేరీ ఆనకట్టలవలన. రోడ్లకు వలసిన రాతిని రెడ్‌హిల్స్ నుండి మద్రాసునకు చేరవేయుటకై 1837లో నడిచిన చిన్న ఇనుపదారి, బొంబాయి ఠాణాల నడుమ రైలు నడచుటకు పదునాఱేండ్ల ముందే వెలసినదై, ఆయన రూపకల్పనయే. ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వఱకు సాగిన నిర్మాణమునను, కొండరాతిని నదియొడ్డునకు దింపుటకు పట్టాలు పఱచి బండ్లు నడిపిరి. ఇట్లు రైలుమార్గపు గుణమును స్వానుభవమున నెఱిగిన వాడే తరువాత రైళ్లకంటె కాలువలే ఈ దేశమునకు మేలని వాదించుట విశేషము.

ఆ వాదమునకు మూలము కరవులలో నున్నది. 1832-33లో, నందన సంవత్సరమున, గుంటూరు సీమను నాశనము చేసిన డొక్కల కరవును మన పెద్దలు తరతరములుగ చెప్పుకొనిరి. అట్టివేళ దూరప్రాంతమున ధాన్యమున్నను, దానిని మోసితెచ్చు ఎద్దులకే దారిపొడవున మేతయు నీరును కావలెను గదా! నీటిపై నొక్క పడవ, కొలదిమంది మనుష్యులు త్రాడు భుజమున వేసికొని గట్టువెంట నడచి లాగుచుండగా, పెక్కు బండ్ల బరువును మోయగలదు. అందుచేతనే డెల్టా కాలువలకు లాకులు కట్టించి, పడవలు ఎగువకును దిగువకును పోవు వీలు కల్పించిరి. గోదావరి కాలువయు కృష్ణ కాలువయు ఏలూరిలో కలిసికొనెను. అటుపై కొమ్మమూరు కాలువయు బకింగ్‌హాం కాలువయు తోడుకాగా, కాకినాడలో బయలుదేరిన పడవ సముద్రము చేరకయే మద్రాసు చేరుటకు మార్గ మేర్పడెను. బియ్యము, కొబ్బరికాయలు, చింతపండు, పెండ్లివారు, యాత్రికులు, అందఱును ఆ దారిననే.

అయితే ఆయన ఆశయము కొన్నియెడల వాస్తవమును మించిపోయెననియు చెప్పవలసియున్నది. దుమ్ముగూడెము వద్ద గోదావరి యెగువ భాగమును నౌకాయోగ్యము చేయ బూనిన పని ధనవ్యయ మైనంతనే 1870ల ఆరంభమున ఆగిపోయెను. త్వరితప్రయాణమునకు రైలే కావలెననుటలో ప్రత్యర్థుల మాటయు నిజమే. కాని దేశమునకు నౌకామార్గముల జాలము కావలెనని 1878లో పార్లమెంటు విచారణసంఘము నెదుట ముదుసలి వయస్సున నిలిచి ఆయన వాదించిన మాటలో దీనజనుల యాకలి యున్నది.

ఈ పట్టుదల కలవాని గృహజీవితము మృదువైనది. ఆరోగ్యము చెడి సెలవుపై ఆస్ట్రేలియా సీమకు పోయినప్పుడు, 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పరిణయమాడెను. వారి కూతురు, తరువాత లేడీ హోప్‌గ ప్రసిద్ధురాలైన ఎలిజబెత్, ఇంగ్లండులోని డార్కింగు పట్టణమున శ్రామికుల నడుమ మద్యనిషేధమునకై పాటుపడెను. ఆ పట్టణముననే, విశ్రాంతిలోను సేద్యముమీద ప్రయోగములు మానని తండ్రి, తొంబదియాఱవ యేట 1899లో కన్నుమూసెను. మఱుసటి యేడే ఆమె తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను. రాజమహేంద్రవరమున హేవలాక్ వంతెనమీద రైళ్లు నడువ మొదలైనదియు ఆ 1900 సంవత్సరమే. కోనసీమ కాలువలలో మాత్రము పడవలు అటుపై అర్ధశతాబ్దమునకు పైగా ధాన్యమును మోయుచునే యుండెను.