కృష్ణా డెల్టాలో నేరశాస్త్రం: సీతానగరం, స్టువర్టుపురం సెటిల్‌మెంట్ల చారిత్రక పాఠం

వ్యాససంగ్రహం: నేరశాస్త్రం మన విశ్వవిద్యాలయాల్లో బోధనాంశం కాకముందే కృష్ణా డెల్టాలో పాలనావిధానంగా అమలైంది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం ఆధారంగా సీతానగరం, స్టువర్టుపురంలలో వెలసిన సెటిల్‌మెంట్లను, 1970లలో అక్కడ సాగిన సంస్కరణ కృషిని పరిశీలించి, ఈ ప్రాంతంలో డిగ్రీ స్థాయిలో నేరశాస్త్రం చదివే విద్యార్థికి ఈ చరిత్ర ఎందుకు తొలిపాఠం కావాలో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నేరశాస్త్రం, ఎరుకలు, సీతానగరం, స్టువర్టుపురం, విముక్త జాతులు, హేమలతా లవణం

1. ఉపోద్ఘాతం

నేరాన్ని, నేరం చేసినవారిని, శిక్షావిధానాన్ని కలిపి అధ్యయనం చేసేది నేరశాస్త్రం. పాఠ్యగ్రంథాలు సాధారణంగా ఈ చరిత్రను 1764లో వెలువడిన బెకారియా గ్రంథంతోనో, 1876లో వచ్చిన లోంబ్రోసో గ్రంథంతోనో ప్రారంభిస్తాయి. భారతదేశంలో 1959లో సాగర్ విశ్వవిద్యాలయంలో నేరశాస్త్ర, న్యాయవైజ్ఞానిక శాస్త్ర విభాగం ఏర్పడింది. 2008 నాటి బార్ కౌన్సిల్ న్యాయవిద్యా నియమాలు ఐచ్ఛికాంశాల్లో నేరశాస్త్రానికి చోటిచ్చాయి. విజయవాడ, గుంటూరు ప్రాంతాల విద్యార్థులు ప్రధానంగా న్యాయశాస్త్రం ద్వారానే ఈ విషయాన్ని సమీపిస్తున్నారు.

అయితే ఈ శాస్త్రం డెల్టాకు పాఠ్యపుస్తకంగా రాలేదు. హాజరుపట్టీగా, వేలిముద్రగా, కంచె వేసిన ఊరిగా వచ్చింది. విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటితే ఎదురయ్యే సీతానగరం అలాంటి ఊళ్ళలో ఒకటి. ఇటలీలో పుట్టిన సిద్ధాంతాన్ని చదివే విద్యార్థికి నది అవతలి ఒడ్డున జరిగినదేమిటో తెలియకపోతే ఆ చదువు అసంపూర్ణమే.

2. ఎరుక నుంచి అనుమానానికి

తెలుగు సాహిత్యానికి ఎరుకలవారు కొత్త కాదు. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో పద్మావతి ఇంటికి వెళ్ళి సోదె చెప్పిన కథ జనబాహుళ్యంలో ప్రసిద్ధం. కురవంజి, యక్షగాన సంప్రదాయాల్లో ఎరుకత పాత్రకు స్థిరమైన స్థానముంది. ఎరుక అంటే తెలివిడి. ఆ పేరుతో పిలవబడినవారు బుట్టలల్లారు, పందులను పెంచారు, కోస్తా ఉప్పును పశువులపై వేసుకొని లోపలి ప్రాంతాలకు చేర్చి, తిరుగు ప్రయాణంలో ధాన్యం తెచ్చి అమ్మారు.

పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ జీవనాధారాలు క్రమంగా దెబ్బతిన్నాయి. రైలుమార్గాలు సరుకు రవాణాను లాక్కున్నాయి. ఉప్పుపై ప్రభుత్వ నియంత్రణ చిన్న వర్తకులను పక్కకు నెట్టింది. అటవీ చట్టాలు వెదురుకు, పచ్చికకు అడ్డుపడ్డాయి. మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో ఈ ఆర్థిక విధ్వంసాన్ని సవివరంగా చూపారు. దారులు మూసుకుపోయిన తరువాత కూడా దారిపై కనిపించేవారు పాలకుల దృష్టిలో అనుమానితులయ్యారు.

ఈ అనుమానానికి శాస్త్రరూపమిచ్చిన రచనలు అదే కాలంలో వెలువడ్డాయి. మద్రాసు ప్రెసిడెన్సీలోని నేరవర్గాలపై పోలీసు అధికారి ముల్లాలీ 1892లో గ్రంథం ప్రచురించాడు. రైల్వే పోలీసు అధికారి ఎం. పాపారావు నాయుడు రైలు దొంగలపైనా, కొరవ–ఎరుకల వారిపైనా పుస్తకాలు రాశాడు. 1909లో ఏడు సంపుటాలుగా దక్షిణ భారత కులాలు, తెగల వివరాలను ప్రచురించిన ఎడ్గార్ థర్‌స్టన్ మనుషుల శరీరకొలతలు తీసేవాడు. నేరం వ్యక్తి చేసే పని అన్న భావన స్థానంలో, నేరం ఒక సమూహపు స్వభావమన్న భావన ఈ రచనలతో బలపడింది.

3. చట్టం చేసిన నేరస్థుడు

1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం మొదట మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించలేదు. 1911 చట్టంతో అది ఇక్కడికి విస్తరించింది. ప్రభుత్వం ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తే, ఆ ప్రకటనను న్యాయస్థానంలో సవాలు చేసే వీలు లేదు. నమోదైనవారు వేలిముద్రలివ్వాలి, నిర్ణీత వేళల్లో హాజరు చెప్పాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ప్రభుత్వానికి దక్కింది.

నేరశాస్త్ర విద్యార్థి ఇక్కడ నిలిచి ఆలోచించాలి. హాజరు తప్పడం ఈ చట్టం కింద శిక్షార్హం. బంధువు చావుకో, సంతకో అనుమతి లేకుండా వెళ్ళిన వ్యక్తి శిక్షపడినవాడవుతాడు. ఆ శిక్ష దస్త్రంలో చేరుతుంది. ఆ దస్త్రమే మళ్ళీ ఆ తెగ నేరస్వభావానికి సాక్ష్యమవుతుంది. ఇతరులు చేస్తే నేరం కాని పనిని వీరి విషయంలో నేరంగా నిర్వచించి, ఆ లెక్కతోనే నిర్వచనాన్ని సమర్థించుకున్న తర్కమిది. నేరగణాంకాలు సమాజంలోని నేరాన్ని మాత్రమే కాక, నమోదుచేసే యంత్రాంగాన్ని కూడా ప్రతిబింబిస్తాయన్న మౌలిక సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన స్థానిక ఉదాహరణ దొరకదు.

4. సెటిల్‌మెంటు: సంస్కరణ, శ్రమ

ఈ చట్టం కింద సెటిల్‌మెంట్ల నిర్వహణను ప్రభుత్వం చాలాచోట్ల మతసంస్థలకు అప్పగించింది. కావలిలో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్, సీతానగరం, స్టువర్టుపురంలలో సాల్వేషన్ ఆర్మీ ఆ బాధ్యత తీసుకున్నాయి. బాపట్ల సమీపంలోని ఊరికి మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఐ.సి.ఎస్. ఉద్యోగం వదిలి సాల్వేషన్ ఆర్మీలో చేరిన బూత్ టక్కర్ తమ పద్ధతికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టాడు. దీన్ని నేరచికిత్సాశాస్త్రం అనవచ్చు. నేరాన్ని రోగంగా, సెటిల్‌మెంటును ఆసుపత్రిగా భావించిన దృష్టి ఆ పేరులోనే ఉంది.

చికిత్స పేరుతో జరిగినదాన్ని రెండు వైపుల నుంచీ చూడాలి. బడులు, వైద్యం, కొంతమందికి సాగుభూమి అందాయి. దానితోపాటు, కదలడానికి వీలులేని శ్రామికసమూహం కూడా తయారైంది. సీతానగరం వారు రాతిక్వారీ పనుల్లోను, స్టువర్టుపురం వారు చీరాలలోని పొగాకు కర్మాగారంలోను శ్రమించారు. కూలి నచ్చకపోతే పని మానే స్వేచ్ఛ, హాజరుపట్టీలో పేరున్న మనిషికి ఉండదు. సంస్కరణ, శ్రమదోపిడి పరస్పర విరుద్ధాలు కావనీ, ఒకే కంచెలో కలిసి ఉండగలవనీ ఈ సెటిల్‌మెంట్లు నిరూపించాయి.

5. రద్దయిన చట్టం, చెరగని ముద్ర

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో, దేశవ్యాప్తంగా 1952 ఆగస్టు 31న రద్దయింది. అప్పటినుంచి వీరిని విముక్త జాతులుగా వ్యవహరిస్తున్నారు. కాని 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల నిరోధక చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన చట్టం చేసుకుంది. కొత్త చట్టం తెగ పేరెత్తదు, వ్యక్తికే వర్తిస్తుంది. ఆ మేరకు అది మేలు. అయితే, ఠాణాలోని పాత దస్త్రాల్లో పేర్లున్న కుటుంబాలకు ఆ తేడా అనుభవంలోకి రావడానికి చట్టం మారడం ఒక్కటే చాలలేదు.

స్టువర్టుపురంలో దొంగతనాలు జరగలేదని వాదించనక్కరలేదు. కొందరు నేరవృత్తిలోకి వెళ్ళారు. 1991లో వచ్చిన ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్’, 2023లో వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’ చిత్రాలు ఊరిపేరును ఆ కోణంలోనే జనంలోకి తీసుకెళ్ళాయి. తేల్చవలసిన ప్రశ్న ఒకటే: ఆ నేరం రక్తంలో పుట్టిందా, పరిస్థితుల్లో పుట్టిందా? సమాజం వేసిన ముద్రే మనిషిని ఆ దారిలో స్థిరపరుస్తుందని హోవర్డ్ బెకర్ 1963లో సిద్ధాంతీకరించాడు. ఆయన వివరించిన ప్రక్రియ అంతకు అర్ధశతాబ్ది ముందే డెల్టాలో చట్టబద్ధంగా మొదలైంది.

6. విజయవాడ నుంచి ఒక సమాధానం

ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానం వెదికినవారు విశ్వవిద్యాలయం వారు కారు. విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలతా లవణం దంపతులు 1970ల మధ్యకాలంలో స్టువర్టుపురంలో సంస్కరణ కృషి ప్రారంభించారు. లవణం గోరా కుమారుడు, వినోబా భూదానయాత్రలో పాల్గొన్నవాడు. హేమలత మహాకవి గుర్రం జాషువా కుమార్తె. 1960లో జరిగిన వారి వివాహమే కులనిర్మూలన దిశగా ఒక ప్రకటన. చంబల్ లోయలో బందిపోట్ల లొంగుబాటు అనుభవం ఈ కృషికి ప్రేరణగా నిలిచింది.

సాల్వేషన్ ఆర్మీ పద్ధతితో పోలిస్తే ఇక్కడి తేడా మౌలికమైనది. నాటి పద్ధతి మనిషిని కంచెలో ఉంచి మార్చాలనుకుంది. హేమలత దంపతులు ఆ ఇళ్ళలోకి వెళ్ళి, అక్కడి మనుషులతో మాట్లాడి, మార్పును కోరారు. మారవలసినది నేరం చేసినవాడు మాత్రమే కాదు, అతణ్ణి అనుమానించే పోలీసు యంత్రాంగమూ, దూరంగా ఉంచే ఇరుగుపొరుగు సమాజమూ కూడా అన్నది వారి కృషి వెనుక ఉన్న అవగాహన. హేమలత రచన ‘నేరస్థుల సంస్కరణ’ ఈ దృక్పథానికి తెలుగులో నిలిచిన ఆకరం. నేరశాస్త్ర పాఠ్యప్రణాళికలో స్థానం పొందదగిన తెలుగు గ్రంథాల్లో అది ముందుంటుంది.

7. ముగింపు

2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు నిబంధనల్లోని కులవివక్షను కొట్టివేసింది. విముక్త జాతులను పుట్టుకతోనే నేరప్రవృత్తి కలవారుగా చూసే ధోరణిని తప్పుబట్టి, వారిని ఇష్టానుసారం అరెస్టు చేయరాదని పోలీసులకు స్పష్టం చేసింది. 1911 నాటి భావన 2024లో కూడా న్యాయస్థానం ఎదుటికి వచ్చిందంటే, ఇది గతించిన చరిత్ర కాదు.

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, నేరశాస్త్రం నిష్పాక్షికంగా ఆరంభమైన శాస్త్రం కాదు, కనుక దాని వర్గీకరణలను ప్రశ్నించడం కూడా ఆ చదువులో భాగమే. రెండు, పోలీసు దస్త్రాన్ని ఆధారంగా స్వీకరించే ముందు అది ఎలా తయారైందో పరిశీలించాలి. మూడు, కంచెలో ఉంచి చేసే సంస్కరణకు, నమ్మకంతో చేసే సంస్కరణకు గల భేదాన్ని గ్రహించడానికి డెల్టాలోనే ఆధారాలున్నాయి.

విజయవాడ కళాశాలలో ఈ విషయం చదివే తరగతిలో రేపటి పోలీసు అధికారి, న్యాయవాది, న్యాయమూర్తి కూర్చొని ఉంటారు. అదే తరగతిలో స్టువర్టుపురం నుంచో, సీతానగరం నుంచో వచ్చిన విద్యార్థి కూడా ఉండవచ్చు. ‘పుట్టు నేరస్థుడు’ అన్న లోంబ్రోసో భావనను బోధించే అధ్యాపకుడు, ఆ మాట ఈ నేలమీద ఎవరికి ఏ మూల్యం చెల్లించేలా చేసిందో కూడా చెప్పాలి. అప్పుడే ఆ విద్యార్థులందరూ ఒకే పాఠాన్ని సమాన గౌరవంతో వినగలుగుతారు.