బాలింతల్లో ఎగ్జిమా ముదిరితే.. పాలిచ్చే తల్లి క్రీమ్ మానేయాలా?

డెలివరీ అయిన కొన్ని వారాలకే చేతులు పగిలిపోవడం, మెడ మీద, మోచేతి మడతల్లో ఎర్రటి మంట, రాత్రంతా గోకుడు.. అంతకుముందే ఎగ్జిమా ఉన్న చాలామందికి బాలింత రోజుల్లో ఇది ముదురుతుంది. హార్మోన్ల మార్పు, నిద్రలేమి, డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగడం.. అన్నీ ఒకేసారి చర్మం మీద పడతాయి. దీనికి భయం తోడైతే నష్టం ఇంకా ఎక్కువ. పాలలోకి మందు పోతుందేమోనని కొందరు క్రీమ్ ఆపేస్తారు. ఇంకొందరు క్రీమ్ కోసం బిడ్డకు పాలు మాన్పిస్తారు. చాలా కేసుల్లో ఈ రెండూ అక్కర్లేదు.

పాలిస్తూనే వాడొచ్చు

చర్మానికి రాసిన స్టెరాయిడ్ క్రీమ్‌లో పాల దాకా చేరేది చాలా తక్కువ. డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడుతూ పాలివ్వొచ్చు. చూపుడు వేలి చివరి గణుపు పొడవున పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. రెండు అరచేతులంత చోటుకు అది చాలు. జాగ్రత్త పడాల్సింది చనుమొన దగ్గర. అక్కడ తక్కువ పవర్ క్రీమే, అదీ పాలిచ్చాకే రాయాలి. మళ్లీ పట్టే ముందు మెత్తటి తడిగుడ్డతో తుడవాలి. వాసన లేని మాయిశ్చరైజర్‌ను స్నానం అవగానే, ఒళ్లు పూర్తిగా ఆరకముందే దండిగా పట్టించాలి.

దురద మాత్రల్లో మత్తు తెచ్చేవి వేసుకుంటే బిడ్డ కూడా మగతగా ఉండొచ్చు. సెటిరిజిన్, లోరాటడిన్ లాంటివి నయం. క్రీములకు లొంగకపోతే నారోబ్యాండ్ యూవీబీ లైట్ థెరపీ ఉంది, పాలకు దాంతో ఇబ్బంది లేదు. మెథోట్రెక్సేట్, జాక్ ఇన్హిబిటర్ మాత్రలు మాత్రం పాలిచ్చేవాళ్లు వాడకూడదు.

తామరా, ఎగ్జిమానా?

మన దగ్గర దురద మచ్చ ఏదైనా 'తామర' అనేస్తారు. చిక్కంతా ఇక్కడే. తామర ఫంగస్ వల్ల వస్తుంది, ఎగ్జిమా అంటువ్యాధే కాదు. మెడికల్ షాపులో అడిగితే క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్‌కి ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. స్టెరాయిడ్ క్రీములను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకుండా 2018లోనే కేంద్రం షెడ్యూల్-హెచ్ కింద బిగించింది. ఫంగస్ మీద స్టెరాయిడ్ పడితే నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి, తర్వాత ఇంకా పాకుతుంది.

ఇంట్లో అందరికీ రాత్రిపూట దురదగా ఉంటే గజ్జి అని అనుమానించాలి. ఒక్క చనుమొన మీదే పొలుసు వారాల తరబడి మానకపోతే పరీక్ష తప్పనిసరి. అరుదే అయినా, పేజెట్స్ అనే రొమ్ము క్యాన్సర్ అలాగే కనిపిస్తుంది.

వేడి నీళ్లు, నలుగు, ట్యాంకర్ నీళ్లు

బాలింత స్నానమంటే ఒళ్లు కాలేంత వేడి నీళ్లు, శనగపిండి నలుగు, సాంబ్రాణి పొగ. ఎగ్జిమా ఉన్నవాళ్లకు ఇవి మంటను పెంచేవే. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో ముగించాలి. అత్తయ్యకో అమ్మకో ఈ మాట చెప్పడం అంత తేలికేం కాదు, డాక్టర్‌తోనే చెప్పిస్తే సరి. వంకాయ, గోంగూర మానేస్తే ఎగ్జిమా తగ్గుతుందనడానికి ఆధారం లేదు. పాలిచ్చే తల్లి పథ్యం పేరుతో తిండి తగ్గించుకోవడం ఇంకా చేటు.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో బోరు, ట్యాంకర్ నీళ్లతో చర్మం పొడిబారుతోందన్న మాట తరచూ వినిపిస్తుంది. వేలకు వేలు పోసి వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించే ముందు ఒక విషయం.. ఎగ్జిమా ఉన్న పిల్లలపై బ్రిటన్‌లో చేసిన ట్రయల్‌లో (2011) సాఫ్ట్‌నర్ వల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఆ డబ్బు మాయిశ్చరైజర్‌కు పెట్టడం మేలు.

26 వారాల ప్రసూతి సెలవు అయ్యాక ఐటీ ఆఫీసుకు వెళ్తే రోజంతా ఏసీలో కూర్చోవాలి. డెస్క్ మీద శానిటైజర్ పక్కనే మాయిశ్చరైజర్ ట్యూబ్ ఒకటి ఉంచుకోవాలి.

ఆలస్యం చేయకూడనివి

పసుపు రంగు పెచ్చులు, చీము ఉంటే ఇన్ఫెక్షన్ సోకినట్టే. జ్వరంతో పాటు ఒకే సైజులో నొప్పి పెట్టే పొక్కులు గుంపుగా వస్తే హెర్పిస్ కావొచ్చు. ఇది పసిబిడ్డకు ప్రాణాంతకం. పొక్కులు బిడ్డకు తగలకుండా కప్పి ఉంచాలి. రొమ్ము మీద ఉంటే ఆ వైపు పాలు పట్టకూడదు. ఉదయం దాకా ఆగకుండా అప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మామూలు ఎగ్జిమాకైతే గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల చర్మవ్యాధుల ఓపీలో చూపించుకోవచ్చు. బిడ్డకు పాలిస్తున్న సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, అప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లాలి.